కంచరపాలెం సందులో మెస్సు: 5కి 4

మామిడికాయ పప్పు చేసిన రోజున ఇంకేం వడ్డించకపోయినా ఇక్కడ 90 రూపాయలు ఇచ్చేయొచ్చు. ఆనపకాయ కూరలో ఆవ పెడతారు, ఘాటు ముక్కుకి తగిలేలా. పులుసులో బెల్లం మన వైపు కొలతే. బెజవాడ నుంచి చదువుకోడానికొచ్చిన కుర్రాళ్లు మొదట్లో మొహం చిట్లిస్తారు, పది రోజులు పోయాక వాళ్లే మారు అడుగుతారు. పెరుగు మాత్రం మజ్జిగకి దగ్గర చుట్టం. అన్నం ఎన్నిసార్లయినా వేస్తారు, కూర ఒక్కసారే.

పేరు రాయను. మొన్న వానాకాలంలో ఇక్కడ తిన్నవాళ్లలో కొందరికి విరేచనాలు పట్టుకుని కొన్నాళ్లు మూసేశారు. పేరు రాస్తే జనం పప్పు వదిలేసి ఆ సంగతే పట్టుకుంటారు. నేను ఏఎన్ఎంగా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైన మనిషిని, కాబట్టి ఆ మూసివేత గురించే ఎక్కువ రాస్తాను. కూరల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

హెల్త్ వాళ్లు వస్తున్నారంటే మామూలుగా హోటళ్లవాళ్లు చేసేది షట్టరు సగం దించి "ఓనరుగారు ఊళ్లో లేరండి" అనడం. అలా అన్నంత మాత్రాన వచ్చినవాళ్లు తిరిగిపోనక్కర్లేదు. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం మన ఆంధ్రలో ఇంకా నడుస్తోంది. దాని ప్రకారం హెల్త్ ఆఫీసరు లోపలికొచ్చి చూడొచ్చు, రోగం అంటిస్తుందనుకున్న నీటిని వాడొద్దని ఆపొచ్చు. 2006 ఆహార భద్రత చట్టం కింద ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు శాంపిల్ తీయొచ్చు, సరుకు సీజ్ చేయొచ్చు. ప్లేగు రోజుల్లో పుట్టిన 1897 ఎపిడమిక్ చట్టం సరేసరి. 2020లో దాన్ని సవరించి, అంటురోగాల సమయంలో పనిచేసే హెల్త్ సిబ్బంది మీద దాడి చేస్తే అయిదేళ్ల దాకా, దెబ్బలు తీవ్రమైతే ఏడేళ్ల దాకా జైలు అని పెట్టారు. మా సర్వీసులో అదుంటే బాగుండేది. నూతిలో వేయడానికి తెచ్చిన బ్లీచింగ్ పౌడరు నా నెత్తినే కుమ్మరించిన మహానుభావుడొకడున్నాడు.

ఇన్ని అధికారాలున్నా, నిన్న ఎవరేం తిన్నారో, ఏ నీళ్లు తాగారో ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాల్సిందే. ఈ మెస్సు నడిపే ఆవిడ చెప్పింది.

ఆవిడ దగ్గర నెల కార్డులవాళ్ల ఖాతా పుస్తకం ఉంది, నూనె మరకల లాంగ్ నోట్‌బుక్కు. పేర్ల ఎదురుగా తేదీల గళ్లు. కూర్చుని తింటే టిక్కు, పార్సిలైతే "పా". అడగ్గానే అది తీసి చేతిలో పెట్టింది. దాన్ని పట్టుకుని హెల్త్ వాళ్లు లైన్ లిస్టు రాశారు: పేరు, వయసు, విరేచనాలు ఎన్నింటికి మొదలయ్యాయి, ఏం తిన్నారు, ఎక్కడి నీళ్లు తాగారు. బాగున్నవాళ్లకీ ఫోన్లు చేసి అవే ప్రశ్నలు. బాగున్నవాళ్లతో పనేంటని పక్క బల్ల కుర్రాడు నవ్వాడు గానీ, వాళ్లని అడగకపోతే పడకేసినవాళ్ల జవాబులు దేనికీ పనికిరావు. చివరికి చూస్తే "పా" ఉన్నవాళ్లలో దాదాపు అందరూ శుభ్రంగా ఉన్నారు. తిన్నది అదే పప్పు, అదే పులుసు. నీళ్లు మాత్రం వాళ్ల ఇంటివి.

అప్పుడు నీళ్లలో క్లోరిన్ ఉంటే రంగు తిరిగి చూపించే క్లోరోస్కోప్ తీశారు. సన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే లేత పసుపు తిరిగింది. మెస్సులో తాగడానికి పెట్టిన నీలం డ్రమ్ములోంచి ముంచిన నీళ్లలో అన్నే చుక్కలు వేసి, ఊపి, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. రంగు రాలేదు. తాగే నీళ్లలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఇంకా ఎవరూ ఏమీ అనకముందే ఆవిడ, "కుళాయి సరిగ్గా రావట్లేదు సార్, పక్కవాళ్ల బోరు నీళ్లు కలుపుతున్నాం" అంది. ఆ బోరు పక్కనే సెప్టిక్ ట్యాంకు మూత కనిపిస్తూనే ఉంది.

డ్రమ్ము ఆ పూటే బోర్లించారు. ల్యాబ్ కాగితం కోసం ఆగలేదు, ఆగకూడదు కూడా. తిండి శాంపిల్ రిపోర్టుకి చట్టం 14 రోజుల గడువిస్తుంది, విరేచనాలకి అంత ఓపిక ఉండదు. అన్నట్టు, శాంపిల్‌గా తీసుకున్న పప్పుకి ఆఫీసరు అమ్మే ధర చొప్పున డబ్బు కట్టాలి, అదీ చట్టమే. "మీ దగ్గర తీసుకుంటామా సార్" అని ఈవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. "తీసుకోకపోతే నాకే తంటా అమ్మా" అని ఆయన నోట్లు బల్ల మీద పెట్టి సంతకం చేయించుకున్నాడు.

ఇప్పుడు డ్రమ్ముకి మూతా, అడుగున కుళాయీ వచ్చాయి. గ్లాసుతో ముంచడం లేదు. క్లోరిన్ బిళ్ల వేసిన టైము గోడ మీద సుద్దముక్కతో రాసి, అరగంట పోయాకే నీళ్లు వదులుతున్నారు. కాస్త వాసనొస్తోందని విసుక్కునేవాళ్లున్నారు. రానివ్వండి, తాగండి.

నేను తగ్గించిన మార్కు చేతులు కడిగే చోటికి. సబ్బు పెడితే మర్నాటికి మాయమవుతోందని పెట్టడమే మానేశారు. వలసంచిలో వేసి కుళాయికి కట్టమని చెప్పాను, ఇంకా కట్టలేదు. ఆదివారం రాత్రి సెలవు. నెల కార్డుకి సగం డబ్బు ముందే అడుగుతారు, ఫోన్‌పే తీసుకుంటారు, పార్సిల్ డబ్బాకి 5 రూపాయలు అదనం.