స్టార్ పాలిప్ పేరుతో గెలాక్సియా అంటగడుతున్నారు, కొనేముందు చూసుకోండి

"పీస్‌ఫుల్, బిగినర్లకి బెస్ట్, ఎక్కడైనా పెట్టుకోవచ్చు" అని రాసి, "గ్రీన్ స్టార్" పేరుతో ఆన్‌లైన్లో అమ్మిన ఫ్రాగ్ (ఉప్పునీటి అక్వేరియంలో పెంచడానికి కోసి ఇచ్చే కోరల్ ముక్క, అంటే పగడపు ముక్క) తీరా చూస్తే గెలాక్సియా ఫాసిక్యులారిస్, పక్కవాటిని కుట్టే రాతి పగడం. నెల తిరిగేలోపే పక్కనున్న హ్యామర్ కోరల్‌కి ఒకవైపు కండంతా ఊడి తెల్లటి అస్థిపంజరం బయటపడింది. అమ్మినవాళ్లని అడిగితే "మీ నీళ్లు బాగోలేవేమో, ఆల్కలినిటీ చెక్ చేసుకోండి" అన్నారు. ఆ జవాబు నమ్మకండి. నీళ్లు తేడా చేస్తే ట్యాంక్‌లో ఇంకో రెండు మూడు కోరల్స్ అయినా ముడుచుకుంటాయి. అన్నీ బాగుండి, గెలాక్సియాకి ఎదురుగా ఉన్న పక్క మాత్రమే కాలిందంటే ముందు అనుమానించాల్సింది కుట్టుడునే.

ఈ రెండింటినీ ఫొటోలోనే పోల్చుకోవచ్చు. స్టార్ పాలిప్ మెత్తటి కోరల్. ముడుచుకుంటే రాయికి అంటుకున్న ఊదారంగు పొర ఒక్కటే మిగులుతుంది. విచ్చుకున్నప్పుడు ఒక్కో పాలిప్‌కి (కోరల్‌లో పువ్వులా విచ్చుకునే ఒక్కో జీవికి) సరిగ్గా 8 రేకులు, అంటే టెంటకిల్స్ ఉంటాయి. గెలాక్సియా ముడుచుకుంటే గట్టి రాతి గొట్టాలు గుత్తిగా కనిపిస్తాయి. ఒక్కో గొట్టం నోటి చుట్టూ పలచటి, పదునైన పలకలు నిలువుగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. విచ్చుకుంటే 8 కంటే చాలా ఎక్కువ టెంటకిల్స్, చాలావాటికి తెల్లటి కొనలు. అందుకే విచ్చుకున్న ఫొటో ఒకటి, ముడుచుకున్న ఫొటో ఒకటి అడగండి. రెండోది పంపడానికి వంకలు చెబితే ఆ బేరం వదిలేయండి.

షాపు ట్యాంక్‌లో బుద్ధిగా కూర్చుంది కదా అనుకోవద్దు. అక్కడ ఫ్రాగ్‌లు రాక్ మీద చోట్లు మారుతూనే ఉంటాయి, కుదురుకునేలోపే అమ్ముడైపోతాయి. పక్కవాటిని కాల్చేవి మామూలు టెంటకిల్స్ కావు, స్వీపర్లు. సన్నటి దారాల్లా సాగి, కొనలో కుట్టే కణాలు కిక్కిరిసి ఉండే ఈ టెంటకిల్స్ పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. గెలాక్సియావైతే 30 సెంటీమీటర్ల దాకా సాగగలవు. ఎక్కువగా రాత్రిపూటే బయటికొస్తాయి కాబట్టి పగలంతా చూసినా మీకు తెలియదు. లైట్లు ఆపిన ఒకటి రెండు గంటల తర్వాత ఎర్ర లైటు వేసి చూడండి.

ఇప్పుడు లెక్క వేసుకోండి. 60 సెంటీమీటర్ల ట్యాంక్‌లో దాన్ని నడిమధ్య పెడితే స్వీపర్లు రెండువైపులా అద్దం దాకా అందుతాయి. అంటే అందులో ఇంకే కోరల్‌కీ భద్రమైన చోటు లేదు. నానో ట్యాంక్ (ఇలాంటి చిన్న ట్యాంక్) ఉన్నవాళ్లు దీన్ని కొనకపోవడమే మంచిదని మా గట్టి అభిప్రాయం. పెద్ద ట్యాంక్‌లో పెట్టాలనుకుంటే మెయిన్ రాక్‌కి అంటించకండి, తర్వాత ఊడదీయడం నరకం. ఇసుకలో విడిగా ఒక రాయి మీద, నీటి ప్రవాహానికి చివరి కొసన పెట్టండి. స్వీపర్లు ఫ్లో ఎటు పోతే అటే సాగుతాయి, దాని వెనక ఖాళీ అద్దం ఉండాలి గానీ ఇంకో కోరల్ ఉండకూడదు. పవర్‌హెడ్ (ట్యాంక్‌లో నీటిని కదిలించే పంపు) ఒకే దిశలో సూటిగా కొట్టకుండా మార్చి మార్చి తిరిగే మోడ్‌లో పెట్టండి. దూరం కొలిచేటప్పుడు రాతి అంచు నుంచి కాదు, పూర్తిగా విచ్చుకున్న పాలిప్ కొన నుంచి కొలవండి.

గెలాక్సియా ఒక్కటే కాదు. టార్చ్, హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ కోరల్స్ "ఒకే జాతివి, కలిపి పెట్టేయండి" అని అమ్మేవాళ్లున్నారు. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ మామూలుగా సర్దుకుంటాయి. టార్చ్ మాత్రం ఆ రెండింటినీ కుడుతుంది, దానికి కనీసం 15 సెంటీమీటర్లు వదలండి. అకాన్‌లు, ఫేవియాలు అనే కోరల్స్ ఇంకో రకం. రాత్రిపూట కడుపులోంచి తెల్లటి నూలుపోగుల్లాంటివి బయటికి వదిలి పక్కదాన్ని అక్కడికక్కడే అరిగించేస్తాయి. వీటి అందుబాటు కొన్ని సెంటీమీటర్లే, కానీ ఆ పరిధిలో పడిన కోరల్‌ని వదలవు.

ఇప్పటికే కాలిపోయి ఉంటే ముందు పంపులు ఆపి, కుట్టినదాన్ని తీసేయండి. దెబ్బతిన్న కోరల్‌ని మళ్లీ అదే చోట పెట్టకుండా ఓ మోస్తరు వెలుతురు, మెల్లటి ఫ్లో ఉన్న చోటికి మార్చండి. గాయం మీద గోధుమరంగు జిగురు కనిపిస్తే అది బ్రౌన్ జెల్లీ అనే జబ్బు, ఒక్కరోజులో తల (కొమ్మ చివరున్న పాలిప్) మొత్తం తినేయగలదు. ట్యాంక్‌లో ఉండగా ఆ జిగురుని ఊదకండి, ముక్కలు చెదిరి మిగతా తలలకి అంటుకుంటాయి. సన్నటి గొట్టంతో సైఫన్ చేసి, ఆ తలని కొమ్మ దగ్గర విరిచేసి, విడిగా తీసిన ట్యాంక్ నీళ్లలో అయోడిన్ డిప్ (కోరల్స్‌ని ముంచే అయోడిన్ మందు) సీసా మీద రాసిన కొలతతో కలిపి, మిగతాదాన్ని అందులో ముంచండి. ఆ నీళ్లు తిరిగి ట్యాంక్‌లో పోయొద్దు. సెలినిటీ (ఉప్పదనం) స్పెసిఫిక్ గ్రావిటీ కొలతలో 1.025, ఆల్కలినిటీ (క్షారత) 8 నుంచి 9 dKH, వేడి 25 నుంచి 26 డిగ్రీలు కదలకుండా ఉంచండి. గాయం మానేటప్పుడు ఏ మార్పూ పనికిరాదు.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. గెలాక్సియా లక్షదీవుల్లోనూ అండమాన్‌లోనూ పెరిగే జాతే. "లోకల్ పీస్, తక్కువ ధర" అని ఎవరైనా అంటే ముట్టుకోకండి. కేసు మీ మెడకే చుట్టుకుంటుంది. బయటి దేశాల్లో కొనేవాళ్లు కూడా, రాతి పగడాలు సైటీస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) అనుబంధం 2లో ఉన్నాయి కాబట్టి, దిగుమతి చేసిన పీస్ అయితే కాగితాలు ఉన్నాయా అని అడగండి.

బిల్లు మీద శాస్త్రీయ నామం రాయించుకోండి. చాలా షాపుల గ్యారంటీ పార్శిల్ చనిపోయి వస్తేనే వర్తిస్తుంది. కుట్టుడు బయటపడేసరికి ఆ గడువు ఎప్పుడో అయిపోతుంది, అప్పుడు తప్పు పేరుతో అమ్మారని చూపించడానికి ఆ బిల్లే ఆధారం.