మూడేళ్లుగా సైకియాట్రీ క్లినిక్‌కి వెళ్తున్నాను: మొదట్లో ఎలా ఉంటుందంటే

నేను ముందు వెళ్లింది గుండె డాక్టర్ దగ్గరికి. ఈసీజీ, టూడీ ఎకో రెండూ తీసి అంతా నార్మల్ అన్నారు. వారం తిరక్కుండానే రాత్రి రెండింటికి గుండె దడదడా కొట్టుకుని, చేతులు తిమ్మిరెక్కి, ఊపిరి అందక, ఇక తెల్లారేదాకా ఉండనేమో అనిపించి మా ఆయన్ని లేపితే ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. అక్కడా అదే మాట. మూడోసారి వెళ్లినప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ "ఇది పానిక్ ఎటాక్‌లా ఉందమ్మా, ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించుకోండి" అని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ రెండు నెలలు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది. ఆ రెండు నెలలు ఎందుకు పాడుచేసుకున్నానా అని ఇప్పటికీ బాధపడతాను.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాం. పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తారేమోనని చున్నీ కప్పుకుని కూర్చున్నాను. చూస్తే పరీక్షల టెన్షన్‌తో నిద్రపట్టని కాలేజీ కుర్రాడు, వాళ్లమ్మ, మతిమరుపుతో వచ్చిన పెద్దాయన, చంటిబిడ్డతో ఒక బాలింత. ఏ డాక్టర్ దగ్గరైనా కనిపించే మనుషులే.

మొదటి రోజు ఎక్కువసేపు మాటలే. ముందు జూనియర్ డాక్టర్ ముప్పావుగంట కూర్చుని నిద్ర, ఆకలి, నెలసరి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, వాడుతున్న మందులు, కాఫీ ఎన్నిసార్లు తాగుతారు అన్నీ అడిగి రాసుకున్నారు. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని కూడా సూటిగా అడిగారు. అందరినీ అడుగుతారట, ఉలిక్కిపడకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా ఆయన్ని కాసేపు బయట కూర్చోమన్నారు. వాళ్లు అనకపోయినా మీరే అడగొచ్చు, నేను అసలు విషయాలు చెప్పింది ఆ పది నిమిషాల్లోనే. తర్వాత థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారు. డబ్బులకోసం అనుకున్నాను కానీ థైరాయిడ్ ఎక్కువైతే గుండెదడ, కంగారు అచ్చం ఇలాగే ఉంటాయట.

మందు ఎస్సిటాలోప్రామ్, అంటే కంగారు, దిగులు మెల్లమెల్లగా తగ్గించేది, మొదట 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. దాంతోపాటు కొన్నాళ్లు, కంగారుని వెంటనే తగ్గించే క్లోనజిపామ్. ఇవి నాకు రాసినవి, మీకు ఏవి కావాలో మీ డాక్టరే చెప్పాలి. మొదటి పది రోజులు కడుపులో వికారం, ఆవలింతలు, పైగా కంగారు తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. దయచేసి ఇక్కడ ఆగిపోకండి. మందు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈ మాట డాక్టరుగారు వెళ్లేటప్పుడు గబగబా చెప్పారు, నా బుర్రకెక్కలేదు, ఎనిమిదో రోజు మానేద్దామనుకుని క్లినిక్‌కి ఫోన్ చేశాను కాబట్టి సరిపోయింది. క్లోనజిపామ్ అలవాటు పడే మందు, ఆరో వారానికల్లా మెల్లగా తగ్గించి ఆపించేశారు. పాత చీటీతో మందుల షాపులో కొనుక్కుని వేసుకునేవాళ్లు నాకు తెలుసు, ఆ పని మాత్రం చేయొద్దు.

మందు రాసే సైకియాట్రిస్టు వేరు, కూర్చోబెట్టి మాట్లాడించే సైకాలజిస్టు వేరు, ఇది నాకు అప్పటిదాకా తెలియదు. నిజం చెప్పాలంటే నన్ను నిలబెట్టింది ఆ సెషన్లే. ధైర్యం చెబుతారేమో అనుకున్నాను. వాళ్లు చేయించింది పరుగు! గుండెదడ అంటే భయంతో నేను మెట్లెక్కడం మానేశాను, అలాంటిది ఆ గదిలోనే నిమిషంసేపు ఉన్నచోటే పరుగెత్తించి, గుండె కొట్టుకుంటుంటే "ఇప్పుడేం జరుగుతుందనుకుంటున్నారు, రాయండి" అన్నారు. పడిపోతానని రాశాను. పడిపోలేదు. ఇంటి దగ్గర రోజూ చేసి నోట్‌బుక్‌లో రాసుకురమ్మన్నారు. ఐదో వారానికి మా అపార్ట్‌మెంట్ నాలుగు అంతస్తులూ ఎక్కి, ఇంటి తాళం తీసి, గడపమీద కూర్చుని ఏడ్చాను.

ఇక నచ్చనివి. అపాయింట్‌మెంట్ ఉన్నా రెండు గంటలు కూర్చోవాలి. మూడో నెల నుంచి డాక్టరుగారు ఐదు నిమిషాలకు మించి చూడరు, అందుకే అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లడం నేర్చుకున్నాను. అన్నిటికంటే పెద్ద బాధ, నాలుగు నెలలు చూసిన సైకాలజిస్టు మానేస్తే ఒక్క మాట చెప్పలేదు, వెళ్లేసరికి ఆ కుర్చీలో కొత్త మనిషి, కథంతా మళ్లీ మొదటినుంచి. కనీసం ఫోన్ చేసి చెప్పాల్సింది.

ఖర్చు కూడా చూసుకోండి. నాకు మొదటిసారి 800, తర్వాత 500, సెషన్‌కి 1200 అయ్యాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం బీమా కంపెనీలు శరీర జబ్బులతో సమానంగా దీనికీ కవరేజి ఇవ్వాలి, కానీ నా పాలసీలో అడ్మిట్ అయితేనే వస్తుంది, కన్సల్టేషన్లకు రాదు, ముందే అడిగి ఉంటే బాగుండేది. మన వివరాలు గోప్యంగా ఉంచాలని, మన రికార్డు మనం అడిగి తీసుకోవచ్చని కూడా ఆ చట్టంలోనే ఉంది. సైకాలజిస్టు మారాక నేను ఫైలు కాపీ తీసుకున్నాను. అంత పెట్టుకోలేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి.

ఏడాదిన్నర అయ్యాక బాగానే ఉన్నానుకదా అని ఎవరికీ చెప్పకుండా మందు ఒక్కసారిగా ఆపేశాను. మూడు రోజులకే కళ్లు తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనడం. భయపడి వెళ్తే డాక్టరుగారు కోప్పడలేదు, మళ్లీ మొదలుపెట్టించి, ఆపాలంటే నెలలు తీసుకుని దశలవారీగా తగ్గించాలని బొమ్మ గీసి చూపించారు. ఇప్పుడు మూడు నెలలకోసారి వెళ్తున్నాను. పోయిన నెల 10 నుంచి 5కి దించారు, తేదీలు వంటింట్లో క్యాలెండర్ మీద మా అత్తయ్యే రాసి పెట్టారు.