ఎన్‌క్రుమా, నైరేరే: ఎవరి పాలన మేలు?

1966 ఫిబ్రవరి 24న సైన్యం తన ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు ఘనా తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా దేశంలోనే లేరు. వియత్నాం యుద్ధం ఆపే దారి వెదకడానికని హనోయ్‌కి బయలుదేరి బీజింగ్ చేరారు. ఇక్కడ రాజధాని అక్రాలో జనం వీధుల్లో సంబరాలు చేసుకుని ఆయన విగ్రహాన్ని పడగొట్టారు. ఆయన మళ్లీ ఘనా గడ్డ మీద కాలు పెట్టకుండానే 1972లో బుకారెస్ట్‌లో చనిపోయారు. టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే మాత్రం 1985లో తనంతట తానే పదవి వదులుకున్నారు. ముగింపులు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తీర్పు తేలిపోయినట్టే ఉంటుంది. నా మొగ్గూ నైరేరే వైపే, కానీ అంత తేలిగ్గా కాదు.

కట్టిన వాటి లెక్క తీస్తే ఎన్‌క్రుమాదే పైచేయి. తేమా రేవు 1962లో తెరుచుకుంది. వోల్టా నదిపై అకొసొంబో ఆనకట్ట 1965లో పూర్తయింది. దాని వెనుక సరస్సు దాదాపు 8,500 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది, సుమారు 80,000 మంది ఊళ్లు వదలాల్సి వచ్చింది. ఘనా ఇప్పటికీ ఆ కరెంటు వాడుకుంటోంది. అయితే ఒప్పందంలో మెలిక ఉంది. ఆనకట్టకు పెట్టుబడి దొరకాలంటే అమెరికా సంస్థ కైజర్ పెట్టే అల్యూమినియం కర్మాగారానికి కారుచౌకగా కరెంటు ఇవ్వాలి. ఆ కర్మాగారమేమో ఘనాలో ఉన్న బాక్సైటును ముట్టకుండా ముడిసరుకును బయటి నుంచి తెప్పించుకుంది. ఇంతలో ఖజానాకు ఆధారమైన కోకో ధర పడిపోయింది, అప్పులు పేరుకున్నాయి. ఊహ సరైనదే, తొందరే కొంప ముంచింది.

ఆయన్ను తూచడానికి ఆనకట్ట కన్నా అకో అడ్జే ఉదంతం ఎక్కువ పనికొస్తుంది. 1947లో గోల్డ్ కోస్ట్ (బ్రిటిష్ పాలనలో ఘనా పేరు అదే) నాయకులు తమ పార్టీకి కార్యదర్శి కోసం వెదుకుతుంటే, లండన్‌లో ఉన్న ఎన్‌క్రుమా పేరు సూచించింది అడ్జేయే. పార్టీ పెద్దల్లో ఒకరు జె.బి. డాంక్వా. మరుసటి ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం ఈ ముగ్గురినీ నిర్బంధించింది. 1957లో స్వాతంత్ర్యం వచ్చింది, 1958లోనే విచారణ లేకుండా జైల్లో పెట్టే ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. 1962లో కులుంగుగు అనే ఊళ్లో ఎన్‌క్రుమా మీద బాంబు దాడి జరిగితే, విదేశాంగ మంత్రిగా ఉన్న అడ్జేపై కేసు పెట్టారు. కోర్టు నిర్దోషి అని తేల్చింది. ఎన్‌క్రుమా ప్రధాన న్యాయమూర్తినే తొలగించి మళ్లీ విచారణ జరిపించారు. ఈసారి మరణశిక్ష పడింది, తర్వాత దాన్ని జైలుశిక్షగా మార్చారు. 1960 అధ్యక్ష ఎన్నికల్లో పోటీకి నిలిచిన డాంక్వా 1965లో, ఏ విచారణా లేకుండానే, న్సావం జైల్లో ప్రాణాలు విడిచారు. అంతకు ముందే 1964లో ఏకపార్టీ విధానంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే అనుకూల ఓట్లు 99 శాతం దాటాయి. ఆ అంకెకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

నైరేరే చేతులూ శుభ్రంగా లేవు. 1962లో ఆయన ప్రభుత్వమూ అలాంటి నిర్బంధ చట్టమే తెచ్చింది, 1965లో ఆయన దేశమూ ఏకపార్టీ దేశమే అయింది. కాకపోతే ఆ ఒక్క పార్టీ నుంచే నియోజకవర్గానికి ఇద్దరు అభ్యర్థులను నిలిపి, ఎంచుకునే పని ఓటరుకు వదిలారు. ఆ ఏడాది ఎన్నికల్లో మంత్రులు సైతం ఓడిపోయారు. కిటికీ చిన్నదే, గాలి మాత్రం ఆడింది.

ఆర్థిక రంగంలో ఆయన దెబ్బ తిన్న మాట దాచాల్సిన పనిలేదు. సోషలిజమే తమ బాట అని చాటిన 1967 అరూషా ప్రకటనతో బ్యాంకులు జాతీయమయ్యాయి. చెదురుమదురుగా ఉన్న రైతులను ఉజమా గ్రామాల్లో చేర్చి ఉమ్మడి సేద్యం చేయించాలన్నది ఆలోచన. ఇష్టపడి వచ్చినవారు తక్కువ కావడంతో 1970ల మధ్యలో లక్షల మందిని బలవంతంగా తరలించారు, వెనక్కి పోకుండా కొన్నిచోట్ల ఇళ్లు తగలబెట్టారు. ధాన్యం దిగుమతి చేసుకోక తప్పలేదు. పైగా పెరిగిన చమురు ధరలు, ఉగాండా నియంత ఇదీ అమీన్‌తో యుద్ధం. 1980ల మొదట్లో సబ్బు, వంటనూనె దొరకడమే గగనమైంది. అభిమానులు నైరేరే నిరాడంబరతను పదేపదే గుర్తు చేస్తారు. పాలకుడు నిజాయితీపరుడైనంత మాత్రాన ఇల్లు కాలిన రైతుకు ఒరిగేదేమిటి?

మరి మొగ్గు ఎందుకు? వందకు పైగా తెగలున్న దేశంలో, ఏ పెద్ద తెగదీ కాని స్వాహిలిని బడిలోనూ కార్యాలయాల్లోనూ నిలబెట్టి, తెగ పేరుతో ఓట్లడిగే రాజకీయాన్ని ఆయన ఎదగనివ్వలేదు. షేక్‌స్పియర్ నాటకాలు రెండింటిని స్వయంగా స్వాహిలిలోకి అనువదించారు కూడా. ప్రాథమిక విద్య, వయోజన అక్షరాస్యత మీద పెట్టిన శ్రద్ధ పేద దేశానికి అసాధారణం. ఇరుగుపొరుగున కొన్ని దేశాలు అంతర్యుద్ధాల్లో చిక్కుకుంటే టాంజానియా కలిసే ఉంది. 1964లో జాంజిబార్ దీవులతో కలయిక కూడా, తరచూ అలకలున్నా, తెగిపోలేదు.

ఆఫ్రికా ఐక్యత దగ్గర ఇద్దరి స్వభావాలూ బయటపడతాయి. ఖండానికంతటికీ ఒకే ప్రభుత్వం వెంటనే కావాలన్నారు ఎన్‌క్రుమా. ముందు పొరుగువాళ్లతో కలుద్దామన్నారు నైరేరే. తూర్పు ఆఫ్రికా సమాఖ్య కోసం తన దేశ స్వాతంత్ర్యాన్ని కొంతకాలం వాయిదా వేసుకోవడానికీ 1960లో సిద్ధపడ్డారు. 1964లో కైరోలో జరిగిన ఆఫ్రికా దేశాధినేతల సభలో ఇద్దరూ బాహాటంగానే తలపడ్డారు. సమాఖ్య కుదరలేదు గానీ, ఆఫ్రికా దక్షిణ భాగంలోని విమోచన ఉద్యమాలకు ఆశ్రయమిచ్చింది ఎక్కువగా టాంజానియా నగరం దారెస్సలామే. ప్రసంగాల్లో ఎన్‌క్రుమా, ఆచరణలో నైరేరే.

ఇక వాళ్ల తర్వాత? ఇక్కడే లెక్క తారుమారవుతుంది. ఎన్‌క్రుమా పతనం తర్వాత ఘనా 1972, 1978, 1979, 1981లలో సైన్యం చేతుల్లో నలిగింది. కానీ 1992 రాజ్యాంగం తర్వాత అధికారం ఓట్లతో చేతులు మారుతోంది. 1981 తిరుగుబాటుతో అధికారంలోకి వచ్చిన రాలింగ్స్ నుంచి 2001లో అధ్యక్షుడిగా పగ్గాలు అందుకున్న కుఫూర్ డాంక్వా రాజకీయ పరంపరకు చెందినవారే. టాంజానియాలో అధ్యక్షులు మారుతున్నారు, నైరేరే పార్టీ మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన 1961 నుంచి దిగలేదు. ఆయన పదవి వదిలారు, పార్టీకి పదవి వదలడం నేర్పలేదు. 1990లలో బహుళ పార్టీ విధానం రావాలని ఆయనే వాదించినా అప్పటికే పార్టీ, ప్రభుత్వం ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

అందుకే నా తీర్పు రెండుగా చీలుతుంది. నాయకుడిగా ఎవరి చేతికి దేశాన్ని ఇస్తావంటే నైరేరే చేతికే, ఉజమా విషయంలో ఆయన చేతులు కట్టేసే పార్లమెంటు ఉంటేనే సుమా. ఈ రోజు ప్రతిపక్షంలో ఉండాల్సి వస్తే మాత్రం ఘనాలోనే ఉంటాను. అందులో ఎన్‌క్రుమా గొప్పతనం తక్కువే. ఆయన మూసేసిన తలుపులను తెరవడానికి ఘనా ప్రజలకు దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.