బాన్ఫ్, జాస్పర్‌లకు తొలిసారి ట్రైలర్ లాక్కుని: దారి, క్యాంపులు, కుక్కర్ విజిళ్లు

సియాటిల్ నుంచి కెనడా రాకీ పర్వతాల్లోని బాన్ఫ్ వెళ్లడానికి సుమాస్ దగ్గర సరిహద్దు దాటి హోప్, కామ్లూప్స్ మీదుగా పోయే దారి అందరికీ తెలిసిందే. కానీ మధ్యలో కొక్విహల్లా ఘాట్ రోడ్డు ఉంది. ట్రైలర్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొత్తగా పట్టుకున్న జంట మొదటి రోజే ఆ వాలు దించాల్సిన పని లేదు. ఐ-90 మీద స్పోకేన్ చేరి, రాత్రి అక్కడ ఆగి, మర్నాడు ఈస్ట్‌పోర్ట్ దగ్గర కెనడాలోకి ప్రవేశించి, క్రాన్‌బ్రూక్ మీదుగా రేడియం అనే ఊరికి వెళ్లడమే మేలు. స్పోకేన్ నుంచి రేడియంకు దాదాపు 430 కిలోమీటర్లు.

సరిహద్దు సంగతి మనవాళ్లకు కాస్త వేరు. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో హెచ్-1బీ మీద ఉంటే కెనడా విజిటర్ వీసా ముందే తీసుకోవాలి. గ్రీన్‌కార్డు ఉంటే అదీ పాస్‌పోర్టూ చాలు. పాస్‌పోర్ట్‌లోని అమెరికా వీసా స్టాంపు గడువు దాటిపోయినా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) చెల్లుబాటులో ఉంటే, 30 రోజుల లోపు కెనడా నుంచి తిరిగి రావచ్చు. అయితే అక్కడ కొత్త స్టాంపుకు దరఖాస్తు పెట్టారా, ఆ వెసులుబాటు పోయినట్టే. ట్రైలర్ అద్దెదైతే కెనడా తీసుకెళ్లడానికి యజమాని అనుమతి ఉత్తరం, రిజిస్ట్రేషన్ నకలు, కెనడాకు వర్తించే బీమా కార్డు చేతికందేలా పెట్టుకోండి. క్యాంప్‌ఫైర్ కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లొద్దు. తిరుగు ప్రయాణంలో ఫ్రిజ్‌లో కరివేపాకు మిగిలి ఉంటే అమెరికా గేటు రాకముందే పారేయండి. నిమ్మజాతి చెట్ల తెగులు భయంతో తాజా ఆకును రానివ్వరు.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది బరువు లెక్కలో. కారు 7,000 పౌండ్లు లాగుతుందని బ్రోషర్‌లో ఉంటే, 6,000 పౌండ్ల ట్రైలర్ హాయిగా లాగేస్తుందనుకుంటారు. అసలు చూడాల్సింది డ్రైవర్ తలుపు పక్కన అంటించిన పేలోడ్ స్టిక్కర్, అంటే కారు తన మీద మోయగల బరువు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) బంతి మీద కూర్చుంటుంది. 12 శాతం వేసుకున్నా 720 పౌండ్లు. భార్యాభర్తలిద్దరూ కలిపి 350, బరువును చక్రాలన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఓ 80. స్టిక్కర్ మీద 1,300 ఉంటే మిగిలింది 150 పౌండ్లు. బియ్యం బస్తా, కూలర్ డిక్కీలో పెట్టేసరికి అదీ సరి. బరువు తగ్గించాలని సామానంతా ట్రైలర్ వెనక భాగంలోకి నెట్టేయడం ఇంకా ప్రమాదం. టంగ్ (హిచ్‌కు తగిలే ట్రైలర్ ముందు కొస) మీద బరువు 10 శాతం కన్నా తగ్గితే, వేగంలో ట్రైలర్ పాము తోకలా ఊగడం మొదలెడుతుంది. అప్పుడు కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, కారులో ఉండే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే మెల్లగా వేయాలి. చక్రాల నట్లు 50 మైళ్లకు ఒకసారి, 100 మైళ్లకు మరోసారి టార్క్ రెంచ్‌తో చూసుకోండి.

రేడియం ఊరి పైన కొండ మీద పార్క్స్ కెనడా వాళ్ల రెడ్‌స్ట్రీక్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ సైటు దగ్గరే ఉండే చోటు తీసుకుని అక్కడ రెండు రాత్రులు ఉండాలి. సాధన అంతా అక్కడే. వెనక్కి పెట్టేటప్పుడు స్టీరింగ్ అడుగు భాగాన చెయ్యి పెట్టుకోండి. చెయ్యి ఎటు జరిగితే ట్రైలర్ వెనక భాగం అటు జరుగుతుంది. బయట నిలబడినవాళ్లు ఆర్టీసీ కండక్టర్‌లా "రైట్ రైట్" అని అరిస్తే లోపలికి వినబడదు. ఇద్దరూ ఫోన్ కాల్‌లో ఉండండి. బయటి మనిషి అద్దంలో కనబడకపోతే బండి ఆగిపోవాలి, అంతే. తర్వాత వరస తప్పకూడదు: ముందు చెక్కలతో ఎడమ కుడి మట్టం, చక్రాలకు అడ్డు దిమ్మెలు, ఆ తర్వాతే హిచ్ విప్పడం, ముందు జాకీతో ముందూవెనకా మట్టం, చివరగా మూలల్లోని స్టెబిలైజర్లు. స్టెబిలైజర్లు ఊగకుండా పట్టుకోవడానికే, ట్రైలర్‌ను లేపడానికి కాదు. లేపితే ఫ్రేము వంగి తలుపు పట్టేస్తుంది.

మురుగు ట్యాంకుల దగ్గర అందరూ చేసే తప్పు ఒకటే. సైటులో గొట్టం ఉంది కదా అని బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగుది) వాల్వు తెరిచి ఉంచేస్తారు. నీళ్లు జారిపోయి మలం అడుగున గట్టిపడుతుంది. ట్యాంకు మూడింట రెండొంతులు నిండేదాకా మూసే ఉంచి, ముందు బ్లాక్, తర్వాత గ్రే (సింకు, స్నానం నీళ్లది) వదలాలి. సబ్బు నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. ఖాళీ అయ్యాక బ్లాక్‌లో ఓ పది లీటర్ల నీళ్లు పోయండి. మన వంట వల్ల గ్రే ట్యాంకు త్వరగా కంపు కొడుతుంది. సాంబారు అడుగు, తాలింపు నూనె కాగితంతో తుడిచి చెత్తలో వేశాకే గిన్నె కడగాలి.

బాన్ఫ్‌లో టన్నెల్ మౌంటెన్ మీద మూడు క్యాంపులున్నాయి. ట్రైలర్ కోర్ట్‌లో మూడు సదుపాయాలూ ఉన్నాయి, కానీ మంట వేసుకోనివ్వరు. విలేజ్ టూలో కరెంటు మాత్రమే ఉంటుంది. రోడ్డు పక్కన ఆనించి ఆపే సైట్లు కనుక వెనక్కి పెట్టే బాధ లేదు. కొత్తవాళ్లకు మా ఓటు దానికే. ఊళ్లోకి రోమ్ అనే సిటీ బస్సు ఉంది, కారు తీయక్కర్లేదు. లేక్ లూయిస్ ట్రైలర్ క్యాంపు అందానికి ఎక్కువే గానీ రాత్రి పక్కనే గూడ్సు రైళ్లు కూతపెడుతూ పోతాయి, నిద్ర పలచన ఉన్నవాళ్లు ఆలోచించుకోండి. మొరేన్ సరస్సుకు 2023 నుంచి సొంత కార్లు వెళ్లనివ్వడం లేదు, షటిల్ బుక్ చేసుకోవాలి. తకక్కా జలపాతం రోడ్డు మలుపుల్లో ట్రైలర్లకు ప్రవేశం లేదు. వేసవి సైట్ల బుకింగ్ ఏడాది మొదట్లోనే తెరుస్తారు. జూన్‌లో చూద్దాంలే అంటే దొరకవు.

కరెంటు 30 ఆంపియర్లంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ, 1,500 వాట్ల కెటిల్, ఇన్‌స్టంట్ పాట్ కలిసి నడిస్తే బ్రేకర్ పడిపోతుంది. కరెంటు లేని సైట్లలో అసలు చిక్కు తెల్లవారుజామున మొదలవుతుంది. హీటర్ నడిచేది గ్యాసుతోనే అయినా దాని ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద 7 ఆంపియర్ల దాకా లాగుతుంది. సున్నా డిగ్రీల రాత్రి నాలుగు గంటలు తిరిగితే 28 ఆంపియర్-గంటలు. వంద ఆంపియర్-గంటల సాధారణ లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే. దానికి ఫ్రిజ్, పంపు తోడైతే నాలుగింటికల్లా చలి. గ్యాసు సంగతి అంత భయం లేదు. అలాంటి రాత్రికి సుమారు ఒక గ్యాలన్, 20 పౌండ్ల సిలిండర్ నాలుగైదు రాత్రులు వస్తుంది.

లేక్ లూయిస్ 1,600 మీటర్ల పైన ఉంది. అక్కడ నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు మూతపెట్టి ఉడికిద్దామంటే పొద్దుపోతుంది కాబట్టి కుక్కర్ తప్పనిసరి. తాలింపు వేసేముందు పైకప్పు ఫ్యాను వేసి కిటికీ తీయండి, లేదంటే స్మోక్ అలారం క్యాంపంతా లేపుతుంది. బయట వండితే స్టవ్, కూలర్, కడిగిన నీళ్లతో సహా ఏదీ వదలకూడదు. వాసనకు ఎలుగుబంట్లు వస్తాయని రేంజర్లు సామాను ఎత్తుకుపోతారు, జరిమానా కూడా వేయొచ్చు.

లేక్ లూయిస్ నుంచి జాస్పర్‌కు ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే అనే రోడ్డు 230 కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు దొరికేది సస్కచెవాన్ రివర్ క్రాసింగ్‌లోనే, అదీ చలికాలంలో మూసేస్తారు. ఫోన్ సిగ్నల్ చాలామటుకు ఉండదు, మ్యాపులు ముందే దించుకోండి. దారిలో రెండు ఎత్తైన కనుమలు: బో పాస్ 2,069 మీటర్లు, సన్‌వాప్టా 2,035 మీటర్లు. దిగేటప్పుడు లో గేర్‌లో, బ్రేకు అదిమి వదులుతూ దిగాలి, పట్టి ఉంచితే కాలిపోతుంది. 2024 జూలై కార్చిచ్చు తర్వాత జాస్పర్ చుట్టూ కాలిన చెట్ల మోళ్లే ఎక్కువ, పాత ఫొటోల్లోని నీడ ఆశించకండి. అక్కడి విస్లర్స్ క్యాంప్ చాలా పెద్దది, సైటు బుక్ చేసేటప్పుడే మూడు సదుపాయాలున్న లూప్ (సైట్ల వరస) ఎంచుకోండి. ఎల్క్‌లనే పెద్ద జింకలు సైట్లలోనే తిరుగుతుంటాయి. సెప్టెంబర్‌లో మగవి పొగరుమీదుంటాయి, కనీసం 30 మీటర్లు ఎడం పాటించి, పొద్దున్నే తలుపు తీసేముందు కిటికీలోంచి ఓసారి చూడండి.