నాయన తుపాకి, నా చెంప: తొమ్మిదేళ్ళ వాడకం

పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకి ఎంత బరువు, ఎంత పొడుగు అనేవి ఇక్కడ రాయడం లేదు. లైసెన్సు ఉన్నవాళ్ళకు తెలుసు, లేనివాళ్ళకు అక్కర్లేదు. నేను చెప్పదల్చుకుంది చెంప ఆనే చోటు గురించి, అక్కడ నేను పెట్టించుకున్న ఆరు మిల్లీమీటర్ల కర్రముక్క గురించి. ఈ తుపాకి మీద తొమ్మిదేళ్ళలో నూనెలకు, బ్రష్షులకు, ఒకసారి స్ప్రింగు మార్పించడానికి చాలానే పోశాను. అన్నిట్లో చవకగా అయింది ఆ ముక్కే. నా ప్రాణానికి సుఖమిచ్చిందీ అదే.

మాది కావలి. తోట ఉదయగిరి కొండ కింద. బత్తాయి, పక్కనే కొంత వేరుశనగ. రాత్రిళ్ళు పందులొస్తే ఆకాశంలోకి ఒకటి పేల్చి చప్పుడు చెయ్యడమే నాయన పని, ఇప్పుడు నా పని. ఆయన పోయాక 2016లో వారసురాలిగా లైసెన్సు నా పేరు మీదికొచ్చింది. తుపాకి మాత్రం ఆయన పేరు మీదే ఉండిపోయిందనాలి. ఆయన ఆరడుగుల మనిషి, పొడుగాటి మొహం. నేను ఐదడుగుల రెండంగుళాలు, మొహం అరచేతంత.

మొదటి ఏడాదిలోనే కుడి కన్ను కింద కమిలిపోయింది. ఆ వారమే బంధువుల పెళ్ళి. పౌడరు ఎంత దట్టించినా దాగలేదు. మా పెద్దమ్మ నన్ను పక్కకు లాగి "ఏంది మే, అల్లుడు తాగుతున్నాడా?" అని అడిగింది. తుపాకి అంటే నమ్మలేదు. భోజనాల దగ్గర మా ఆయనకు ఎవరూ సరిగ్గా వడ్డించలేదు, అది వేరే కథ.

అందరూ చెప్పింది ఒక్కటే: భుజానికి గట్టిగా అదుముకో, అలవాటైపోతుంది. అలవాటు కాలేదు. ట్రిగ్గర్ నొక్కే ముందు నాకు తెలీకుండానే కళ్ళు మూసుకోవడం మాత్రం అలవాటైంది.

తోటలో పేల్చేది ఏడాదికి పదో పదిహేనో తూటాలు. నేర్చుకోవాలంటే తుపాకి కాల్చడం నేర్పే రేంజికి పోవాల్సిందే. నాయన లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకు. 2014 దాకా అందులో హైదరాబాదు కూడా ఉండేది, విడిపోయాక పొరుగు రాష్ట్రమైపోయింది. హద్దు పెంచమని అర్జీ పెట్టుకుని, అది చేతికొచ్చాక 2018లో హైదరాబాదు రేంజికి పోయాను. అందరి దగ్గరా ఒకదాని మీద ఒకటి గొట్టాలున్న పోటీ తుపాకులు. నా పక్కపక్క గొట్టాల తుపాకి చూసి ఒక కుర్రాడు "మేడమ్, దీన్ని మ్యూజియం వాళ్ళకిస్తే టికెట్టు పెట్టుకుంటారు" అన్నాడు. గురి కోసం గాల్లోకి విసిరే ఇరవై అయిదు మట్టి పళ్ళేల్లో ఆరు పగిలాయి. ఆ ఆరూ ఎందుకు పగిలాయో నాకు తెలీదు.

అక్కడ నేర్పించే పెద్దాయన నా గురి గురించి ఒక్క మాటా అనలేదు. తుపాకి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీయేనని తను చూసి, నాకూ చూపించి, ఒక పని చెయ్యమన్నారు. కళ్ళు మూసుకుని తుపాకి ఎత్తు, చెంప హాయిగా ఆనించు, అప్పుడు కళ్ళు తెరువు. తెరిచాను. గొట్టాలు కనబడలేదు, గురి చూసుకోవడానికి చివరనున్న పూస కనబడలేదు. కళ్ళ ముందు గొట్టాల మొదట్లో ఉండే ఇనుపదిమ్మ వీపు ఒక్కటే. "మరి ఇన్నాళ్ళూ పూస ఎట్టా చూశారమ్మా?" అన్నారు.

ఎట్టా అంటే, తల ఎత్తి. ఇన్నాళ్ళూ జరిగింది అదే. తుపాకి వెనకవైపు, చెంప ఆనే కర్ర పైఅంచు నాయన మొహానికి సరిపోయే ఎత్తులో ఉంది. నాకు కన్ను కిందికి పడుతుంది. పూస కోసం తల ఎత్తగానే చెంపకూ కర్రకూ మధ్య సందు. పేలగానే కర్ర ఆ సందు దాటి పరిగెత్తుకొచ్చి ఎముకను కొడుతుంది. ఆనుకుని ఉన్న కర్ర తోస్తుంది, అంతే. సందులోంచి వచ్చే కర్ర గుద్దుతుంది. పైగా తల ఏ సారీ ఒకే ఎత్తుకు లేవదు గదా, గుండు ఒకసారి పైకి, ఒకసారి కిందికి.

ఇంటికొచ్చి పాత పెళ్ళిపత్రికలు కత్తిరించి, కర్ర మీద ఒక్కో అట్టా పెట్టి కరెంటు టేపు చుట్టాను. అద్దం ముందు నిలబడి, ఖాళీ తుపాకి ఎత్తి చూసుకోవడం, ఇంకో అట్ట వెయ్యడం. నల్లగుడ్డు ఇనుపదిమ్మ మీద సగం సూర్యుడిలా తేలిందాకా ఇదే పని. లెక్క కూడా రేంజి పెద్దాయన చెప్పిందే. కంటికీ పూసకూ మధ్య దూరం సుమారు గజం. కాబట్టి చెంప దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరు పెంచితే పదహారు గజాల దూరంలో దెబ్బ అంగుళం పైకి పోతుంది. నాకు ఆరు మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. మళ్ళీ రేంజికి పోయి పదహారు గజాల్లో పెద్ద కాగితం కట్టి అయిదు తూటాలు కాల్చాను. తూటాల్లోని రవ్వలన్నీ ఒకే చోట, గురికి కాస్త పైన. అయిదింటికీ కళ్ళు తెరిచే ఉన్నాయి.

టేపు ఎండకు జారుతుంది, జిగురు చెంపకు అంటుతుంది. కర్రతో చేయించాలనుకున్నాను. ఉదయగిరి చెక్క చెంచాలు తెలుసు గదా, దుర్గం కింద తరతరాలుగా చెక్కుతున్నారు. తుపాకి లైసెన్సు లేనివాళ్ళ చేతికివ్వకూడదు, తీసుకుపోలేదు. కర్ర వంపును అట్ట మీద గీసుకుని, కత్తిరించి పట్టుకుపోయాను. అక్కడి ముసలి భాయ్ అట్టను ఇటు తిప్పి అటు తిప్పి "ఇదేం చెంచా మా, ఏనుక్కా?" అన్నాడు. చెప్పాను. చెంప మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. అంచులు నేను గీసినంత పదునుగా ఉంటే గీసుకుపోతుందని, చెంచా వీపు తేల్చినట్టు తేల్చి ఇచ్చాడు. లోపలివైపు పలచటి తోలు నేను అంటించుకున్నాను. కిందినుంచి రెండు తోలుపట్టీలు, ఇత్తడి బకిల్సు. నాయన కర్ర మీద ఒక్క మేకు పడలేదు.

ఆ తర్వాత ఇరవై అయిదుకు పదిహేను పగిలాయి. నిజం చెప్పాలంటే పదిహేను ఒక్కసారే. మామూలుగా పదో పదకొండో.

పొడుగు సంగతి కూడా ఒక మాట. నాయన కర్ర వెనకవైపు తొడిగిన రబ్బరు తొడుగు తీసేస్తే ఇరవై మిల్లీమీటర్లు తగ్గింది, ఎత్తేటప్పుడు చంకలో చున్నీకి తట్టుకోవడం పోయింది. భుజానికి దెబ్బ మాత్రం పెరిగింది. ఇరవై తూటాలు దాటితే సాయంత్రం జడ వేసుకోవడం కష్టం. ఇంకో అరంగుళం తగ్గాలి, దానికి కర్ర కొయ్యాలి. కొయ్యలేదు.

ఇక 2024. ఎన్నికల షెడ్యూలు మార్చి 16న వచ్చింది. లైసెన్సు తుపాకి అప్పగించమన్నారు, ఏదో ఒక ఎన్నికకు ఉన్నదే. పోలింగు మే 13న, ఫలితాలు జూన్ 4న అయ్యాక తెచ్చుకున్నాను. అప్పగించేటప్పుడు జాగ్రత్త ఎక్కువై, లోపల స్పాంజి ఉన్న రెగ్జిను సంచిలో పెట్టి జిప్పు బిగించి ఇచ్చాను, చెంపముక్క దాని మీదే ఉంచి. మూడు నెలలు కావలి ఉప్పుగాలి, ఆ స్పాంజి. తెరిచి చూస్తే గొట్టాల మీద తుప్పు. అందులో నాలుగు చుక్కలు వరసగా ఉన్నాయి. అవి నా వేళ్ళు. చెమట చేతులతో పట్టుకుని తుడవకుండా పెట్టాను. చెంపముక్క తోలు బూజు పట్టింది, దాని కింద నాయన అక్రోటు కర్ర మీద పాలిష్ తెల్లగా లేచిపోయింది. దాచిన వాళ్ళ తప్పేమీ లేదు, ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగిచ్చారు. గొట్టాల లోపల మాత్రం నూనెగుడ్డ లాగి ఇచ్చినందువల్ల మెరుపు పోలేదు. బయట తుప్పును సన్నటి స్టీల్ ఊలుతో, నూనెతో మెల్లగా రుద్దితే చాలావరకు పోయింది. వేళ్ళ గుర్తుల్లో రెండు పోలేదు.

అప్పటినుంచీ సంచి ప్రయాణానికే. ఇంట్లో బీరువాలో గుడ్డ మీద, గొట్టాలు కిందికి పెట్టి ఉంచుతాను. పైకి పెడితే నూనె జారి కర్రలోకి దిగి మెత్తబడుతుంది. చెంపముక్క వాడిన రోజే విప్పి గాలికి పెడతాను. విప్పి బిగించినప్పుడల్లా ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ పోతుంది, మళ్ళీ అద్దం ముందు నిలబడాల్సిందే. మే నెలలో చెమటకు ముందుకు జారుతుంది కూడా.

కాబట్టి అందరూ చేయించుకోండి అనను. మీ మొహం మీ తుపాకికి సరిపోయినట్టయితే ఈ ముక్క అడ్డమే. కళ్ళు మూసి తెరిచే పరీక్షకు ఖర్చు లేదు, ముందు అది చేసుకోండి. పందుల కోసం ఆకాశంలోకి పేల్చేవాళ్ళకు దీంతో పనే లేదు. తోటకు పోయేటప్పుడు నేనే తీసుకుపోను. పోటీ తుపాకి కొనే స్తోమత ఉన్నవాళ్ళకు చెంప ఎత్తు మరతో మార్చుకునేవి ఉన్నాయి, నాకు ఆ స్తోమత లేదు, ఉన్నా ఇది అమ్మను.

బాగుచేసే లైసెన్సున్న మేస్త్రీ ముక్కను రెండు స్క్రూలతో కర్రకు బిగించేస్తే జారదు, కదలదు అంటున్నాడు. బేరం కూడా అయింది. కార్తీకం వానలు పోయాక తెస్తానని చెప్పి రెండేళ్ళయింది.