మిత్రసైన్యమా, దూరాన మరో రణరంగమా?

వలస పాలనపై తిరగబడిన దేశానికి ఏది ఎక్కువ మేలు: తన గడ్డపైకి వచ్చే మిత్రసైన్యమా, శత్రువు బలగాన్ని మరోచోటికి లాగే కొత్త రంగమా? 1775–83 నాటి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో రెండూ కనిపిస్తాయి.

మిత్రసైన్యం: 1780 జులైలో ఫ్రెంచి సేనాని రోషాంబో వేలాది సైనికులతో అమెరికా తూర్పు తీరంలోని న్యూపోర్టులో దిగాడు.
కొత్త రంగం: 1779లో స్పెయిన్ తన దక్షిణ కొసన బ్రిటిష్ కోటగా ఉన్న జిబ్రాల్టర్‌ను ముట్టడించింది. అదే ఏడాది ఆంగ్లేయులు మలబారు తీరంలోని ఫ్రెంచి రేవు మాహేను పట్టుకోవడంతో, అది తన రక్షణలో ఉందన్న మైసూరు పాలకుడు హైదర్ అలీ మండిపడి, 1780లో ఆంగ్లేయుల మిత్రుడైన ఆర్కాటు నవాబు ఏలే కర్ణాటక రాజ్యంపై విరుచుకుపడ్డాడు.

శ్రమ: మిత్రసైన్యానికి తిండి, బండ్లు, దారి చూపాలి. కొత్త రంగానికి అమెరికన్లు వేలు కదపనక్కరలేదు. ఫ్రాన్స్ యుద్ధంలోకి దిగడంతో 1778లోనే బ్రిటన్ న్యూయార్క్ నుంచి 5,000 మందిని కరీబియన్‌లోని ఫ్రెంచి దీవి సెయింట్ లూసియాకు పంపేసింది.

ముప్పు: మిత్రుడి నౌకలు మిత్రుడి గడువుకే కట్టుబడతాయి. స్పెయిన్‌కు కావలసింది జిబ్రాల్టర్. అమెరికాతో అది పొత్తు ఒప్పందమే చేసుకోలేదు.

ఫలితం: 1781 సెప్టెంబర్ 5న అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతం దగ్గర బ్రిటిష్ నౌకలు కనబడగానే ఫ్రెంచి నౌకాధిపతి డి గ్రాస్ మనుషులు లంగరు మోకులను వదిలేసి, ఒడ్డున ఉన్న తోటివారి కోసం ఆగకుండా, 24 యుద్ధనౌకలతో ఎదురెళ్లారు. ఆ అఖాతం ఒడ్డున ఉన్న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్‌కు సముద్రపు దారి మూసుకుపోయింది. అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో అతని సైన్యం లొంగిపోయింది. ఏ దూరపు రంగమూ ఇంత పని చేయలేదని నా గట్టి నమ్మకం.

శత్రువు బలంగా ఉండి, మీకు కాలం గడవడమే ముఖ్యమైతే కొత్త రంగం మేలు. అతడు ఒక రేవులో చిక్కి, మీకు నౌకలే కొరవడితే మిత్రసైన్యాన్నే పిలవాలి.