అమ్మేముందు ఇంటికి చేయించిన పనులు: రెండు వానాకాలాల తర్వాత ఏది నిలిచింది, ఏది దండగ

హైదరాబాద్ కేపీహెచ్‌బీలో మా టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ అమ్ముదామనుకున్నప్పుడు, మొదట వచ్చి చూసిన ఇంటీరియర్ కాంట్రాక్టరు ఆరు లక్షలకు అంచనా రాసిచ్చాడు. హాల్లో ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, పాత మార్బుల్ మీద కొత్త టైల్స్. "లుక్ ఉంటేనే రేటు వస్తుంది మేడమ్" అన్నాడు. మేం ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, అందులో నాలుగో వంతు కూడా దాటకుండా మాకు తోచిన పనులు చేయించుకున్నాం. అమ్మకం మాత్రం అనుకున్నంత తొందరగా తేలలేదు. ఆషాఢమని కొందరు, మూఢమని కొందరు వాయిదా వేశారు. ఒకరైతే బ్యాంకు లోను రాలేదని అడ్వాన్స్ వెనక్కి తీసుకున్నారు. అలా రెండు వానాకాలాలు మేమే ఆ ఇంట్లో ఉన్నాం కాబట్టి, చేయించిన పనులు వాడకంలో ఎలా నిలిచాయో చూసే చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు చెమ్మ సంగతి. బిల్డింగ్ 2003లో కట్టింది. కామన్ బాత్‌రూమ్ గోడకు అవతలి వైపు చిన్న బెడ్‌రూమ్. అక్కడ కింద అడుగు ఎత్తున పెయింట్ పొక్కులు లేచి, గోకితే తెల్లగా ఉప్పు రాలేది. పెయింటరు "డ్యాంప్ ప్రూఫ్ ఒక కోటు కొట్టి పుట్టీ పెడితే కనపడదమ్మా" అన్నాడు. కనపడదు, కొన్నాళ్లు. నీళ్లొచ్చే దారి మూయకుండా పైన ఏం పూసినా మళ్లీ ఊడి వస్తుంది. ప్లంబరేమో బాత్‌రూమ్ టైల్స్ మొత్తం పగలగొట్టాలన్నాడు. మా వారికి తెలిసిన పాత మేస్త్రీ ఒకాయన వచ్చి, లీకు నహానీ ట్రాప్ (బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే చోట ఉండే గొట్టం అమరిక) చుట్టూ ఉందని పట్టుకున్నాడు. ఆ ఒక్క చోట పగలగొట్టి కొత్త ట్రాప్ పెట్టి, వాటర్‌ప్రూఫ్ కెమికల్ కలిపిన సిమెంటుతో మూశాడు. మిగతా టైల్స్ సందుల్లో పాత సిమెంటు గీకేసి నీళ్లు ఇంకని ఎపాక్సీ గ్రౌట్ నింపాడు. తర్వాత ట్రాప్‌కు గుడ్డ కుక్కి, ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ కూడా చూసొచ్చాడు. ఈ పరీక్ష చేయకుండా ఎవరికీ పూర్తి డబ్బులు ఇవ్వకండి.

బెడ్‌రూమ్ వైపు గోడ ప్లాస్టరింగ్ చెక్కేసి ఎండాకాలం అంతా అలాగే వదిలేశాం. చూడ్డానికి అసహ్యంగానే ఉంది, మా అత్తగారు రోజూ గొణిగారు కూడా. కానీ గోడ లోపలిదాకా ఆరాకే ప్లాస్టరింగ్, ప్రైమర్, పెయింట్ చేయించాం. ఆ గోడకు ఇప్పటికీ ఒక్క పొక్కు లేదు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లలో కాస్త వయసున్న ప్రతి ఒక్కరూ బాత్‌రూమ్ పక్క గోడ మీద అరచెయ్యి పెట్టి చూశారు. అక్కడ తడి తగిలితే వాళ్లు రిపేరు ఖర్చు ఒక్కటే తగ్గించి ఊరుకోరు, ఇంకెక్కడెక్కడ లీకులున్నాయో అని రెండు లక్షలు తగ్గించి అడుగుతారు.

వంటింటి బయటి గోడ పగులు మాత్రం సగం విజయమే. క్రాక్ ఫిల్లర్ నింపి ఎక్స్‌టీరియర్ పెయింట్ వేయించాం. మొదటి వానాకాలం గట్టిగానే నిలిచింది, రెండోసారి సన్నగా మళ్లీ విచ్చుకుంది. బయటి గోడ అసోసియేషన్ మొత్తానికి కలిపి చేయించాల్సిన పని. ఒక్క ఫ్లాట్ వాళ్లు అతుకు వేస్తే అంతే.

పెయింట్ ఖరీదైనది వద్దనుకున్నాం. మామూలు ఇంటీరియర్ ఎమల్షన్, అన్ని గదులకూ ఒకే ఆఫ్ వైట్. ఇల్లు వెలుతురుగా కనిపించింది. తడిగుడ్డతో గట్టిగా తుడిస్తే ఆ చోట నిగనిగలాడే మచ్చ పడుతుంది, అదొక్కటే లోపం. డిస్టెంపర్ వైపు మాత్రం వెళ్లకండి, ఆనుకుంటే బట్టలకు అంటుతుంది.

నాకు బాగా నచ్చిన ఖర్చు మార్బుల్ పాలిష్. మిషన్ పెట్టి తిప్పుతుంటే తెల్లటి బురద ఇల్లంతా పారుతుంది, రెండు రోజులు నరకం. తర్వాత ఫ్లోర్ చూసి కొత్తగా వేయించారా అని పక్కింటివాళ్లే అడిగారు. వంటింట్లో నిమ్మరసం, చింతపండు పులుసు పడిన చోట్ల మెరుపు చచ్చిపోయింది, పులుపు మార్బుల్‌కు పడదు. హాలు మాత్రం ఇప్పటికీ బాగుంది. టేకు ప్రధాన ద్వారానికి పాలిష్, పాత స్విచ్ బోర్డులు, కారే కొళాయిలు, చిరిగిన దోమల మెష్ మార్చడం చిన్న ఖర్చులు. అన్నీ చేయించదగ్గవే.

వంటింట్లో కడప రాయి అరల్ని అలాగే ఉంచి, గ్రానైట్ ప్లాట్‌ఫామ్ కడిగించి, ఎగ్జాస్ట్ ఫ్యాను మార్చాం. మా పై ఫ్లోర్‌లో మాడ్యులర్ కిచెన్ చేయించి మరీ అమ్మినవాళ్లకు చదరపు అడుగుకు మాకంటే పెద్దగా ఎక్కువేమీ రాలేదు. కొన్నావిడ మా వంటిల్లు చూడగానే "పొయ్యి తూర్పుకి మార్చుకుంటాం, కప్‌బోర్డులు మాకు నచ్చినట్టు చేయించుకుంటాం" అంది. లక్షలు పోసి చేయించి ఉంటే అవన్నీ పీకించేదే. కొనేవాళ్లకు లోను ఇచ్చే బ్యాంకు పంపిన వాల్యుయర్ (ఇంటికి విలువ కట్టేవాడు) అయితే వంటింట్లోకి తొంగి చూశాడంతే. కొలతలు, బిల్డింగ్ వయసు, అన్‌డివైడెడ్ షేరు (బిల్డింగ్ స్థలంలో మన ఫ్లాట్ వాటా) ఎన్ని గజాలు, మంజూరైన ప్లాన్ ఉందా, ఇవే ఆయన అడిగినవి.

కాగితాల పని ఇంటి రిపేరు కాదు గానీ, తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చింది అదే. మా హోమ్ లోను ఎప్పుడో తీరిపోయింది. అయినా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే బ్యాంకు తనఖా ఇంకా కనిపిస్తోంది. తనఖా విడుదల చేస్తున్నట్టు బ్యాంకు రాసిచ్చే రిలీజ్ డీడ్ రిజిస్టర్ అయితేనే అది తీరినట్టు ఈసీలో ఎక్కుతుంది. ఆ పని ముందే చేయించి, లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఆస్తిపన్ను రసీదులు, బాకీలు లేవని అసోసియేషన్ ఇచ్చే నో డ్యూస్ ఒకే ఫైల్లో పెట్టాం. చివరికి కొన్నవాళ్లు ఆ ఫైలు చూశాక బేరం పెద్దగా సాగదీయలేదు.

ఇంకో మాట. "బిల్లు ఇస్తాను, ట్యాక్స్‌లో కలిసొస్తుంది" అని కాంట్రాక్టర్లు ఊరిస్తారు. ఇల్లు అమ్మిన లాభం మీద పన్ను లెక్కలో, పెయింట్, రిపేర్లు ఆ లాభంలోంచి తీసేసే ఇంప్రూవ్‌మెంట్ ఖర్చు కింద చెల్లవు. శాశ్వతంగా కొత్తగా చేర్చినవే చెల్లుతాయి. 2024 జూలై 23కు ముందు కొన్న ఇంటికి, దేశంలో నివసించే వ్యక్తులు లాంగ్ టర్మ్ లాభం మీద ఇండెక్సేషన్ (కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఉంటే 20 శాతం, ఏది తక్కువైతే ఆ పన్ను కట్టొచ్చు. 12.5 లెక్కలో లక్ష ఖర్చు చెల్లినా తగ్గేది పన్నెండున్నర వేలే. ధర 50 లక్షలు లేదా ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (ముందుగానే మినహాయించే పన్ను) పట్టుకుని మన పాన్ మీద కడతారు. చేతికి ఎంత వస్తుందో లెక్క వేసుకునేటప్పుడు అది కూడా తీసేసి చూసుకుని, ఆ తర్వాతే మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వండి.